పన్నెండు వేల అడుగుల మీద రత్నక్క దగ్గు

చర్చిలో అందరూ అడుగుతున్నారు, కొండలు ఎలా ఉన్నాయి అని. బాగున్నాయి. ఆకాశం నీలంగా ఉంది, నీళ్లు చల్లగా ఉన్నాయి, పువ్వులు బోలెడు. ఫొటోలు కావాలంటే మా బావగారి దగ్గర ఆరు రీళ్లున్నాయి, వెళ్లి చూడండి, ఒక్కో ఫొటోకీ ఐదు నిమిషాల చొప్పున వివరించి చెప్తారు. ఆ ఫొటోల్లో ఎక్కడా కనపడని సంగతులు నేను రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానని చదివేవాళ్లకి తెలిసిపోతుంది. తెలిస్తే తెలియనివ్వండి.

వెళ్లింది నలుగురం. మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, డాక్టర్ దేవసహాయం. ఆయన భార్య రత్నక్క, నాకు తోటికోడలు. మా ఆయన ప్రభుదాసు. తర్వాత నేను, సువార్త. హ్యూస్టన్‌లో ఒక పెద్ద హాస్పిటల్లో గుండెజబ్బుల వార్డులో నర్సుని. బావగారు చర్మవ్యాధుల డాక్టరు. మొటిమలు, దద్దుర్లు, గజ్జి ఆయన రాజ్యం. అందులో ఆయన గొప్పవాడే, కాదనను.

బావగారికి హిమాలయాల పిచ్చి పట్టి రెండేళ్లయింది. ఆయనతో పనిచేసే తెల్ల డాక్టరు ఒకాయన నేపాల్ వెళ్లొచ్చి స్లయిడ్లు చూపించాడు. పద్దెనిమిది రోజులు లోయలమ్మటా, పల్లెలమ్మటా నడిచాడట. కొండవాళ్ల ఇళ్లలో పడుకున్నాడట, ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఉప్పద్దుకుని తిన్నాడట. ఆ రోజునుంచి బావగారు మామూలు మనిషి కారు. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున పుట్టి, ఇసకదిబ్బ తప్ప ఇంకేదీ ఎక్కని మనిషి, వచ్చే ఏడు నేపాల్ అని తేల్చేశారు. ఈ ఏడు ప్రాక్టీసుకి కొలరాడో. సాన్ హ్వాన్ కొండల్లో, పాత వెండి గనుల లోయల గుండా, ఐదు రోజుల నడక.

రత్నక్కని అడగలేదు, నన్నూ అడగలేదు. మా ఆయన్ని అడగాల్సిన పనే లేదు, ఆయన్ని స్పాన్సర్ చేసి ఈ దేశం తెచ్చింది బావగారే. పెళ్లయి నేను వచ్చాక మూడేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాం. నర్సింగ్ లైసెన్స్ పరీక్షకి నన్ను కార్లో తీసుకెళ్లి, సాయంత్రం దాకా పార్కింగ్ లాట్లో కూర్చున్నది రత్నక్క. డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. నేను ఫ్రీవే మీద బిగుసుకుపోయి ఏడుస్తుంటే, పక్క సీట్లోంచి స్టీరింగ్ పట్టుకుని, ఏడుపాపి బ్లింకర్ వెయ్యవే అంది. అలాంటి మనిషి ఊపిరి గురించి ఇదంతా.

హ్యూస్టన్ నుంచి సిల్వర్టన్

రెండు రోజులు డ్రైవ్ చేశాం. టెక్సాస్ ఎంతకీ అయిపోదు. అమరిల్లో దాటాక ఒక గ్యాస్ స్టేషన్లో గాలన్ డాలరూ పాతిక సెంట్లు అంటే, హ్యూస్టన్ కంటే పదిహేను సెంట్లు ఎక్కువని బావగారు కౌంటర్లో ఉన్న అమ్మాయితో వాదించారు. ఆ అమ్మాయి చూయింగ్ గమ్ నములుతూ విని, పక్క స్టేషన్ నలభై మైళ్లు అంది.

సర్దుకోవడం దగ్గరే నాకు ఒళ్లు మండింది. బావగారి బ్యాగులో కెమెరా, మూడు లెన్సులు, మ్యాపులు, ఎర్రటి కొత్త జాకెట్టు, మందుల డబ్బా. మా ఆయన వీపు మీద రెండు టెంట్లు. రత్నక్క బ్యాగులో బియ్యం, ఉప్మారవ్వ, అటుకులు. నా బ్యాగులో కందిపప్పు, ఆవకాయ సీసా, మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్. నేనొక మాట చెప్పబోయాను, అక్కడ దుకాణాల్లో వేణ్నీళ్లు పోస్తే తయారయ్యే ఎండు భోజనం ప్యాకెట్లు దొరుకుతాయట, అవి తీసుకుందాం అని. ఒక్కోటి నాలుగు డాలర్లట, అంటే నలభై రూపాయల పైన, ఆ గడ్డి ఎవడు తింటాడు అన్నారు బావగారు. అన్నం ఆయనకి కావాలి, కుక్కర్ నేను మొయ్యాలి.

సిల్వర్టన్ తొమ్మిదివేల అడుగుల పైన ఉంటుంది. రెండు వీధుల ఊరు. ఒకటి టూరిస్టులకి రంగులేసి ఉంది, రెండోది మట్టిరోడ్డు. గనులు ఒకటొకటే మూసేస్తున్నారని మోటెల్ ఆవిడ చెప్పింది. ఆవిడ భర్త గనిలో ఇరవై ఏళ్లు చేశాడు, ఇప్పుడు వేసవిలో టూరిస్టుల రైలు దగ్గర పాప్‌కార్న్ అమ్ముతున్నాడు. మీరెక్కణ్నుంచి వచ్చారు అంటే హ్యూస్టన్ అన్నాం. అయితే ఇక్కడే రెండు మూడు రోజులు ఉండండి, ఒంటికి ఎత్తు అలవాటవ్వాలి, ఆ తర్వాత పైకి వెళ్లండి అంది. మోటెల్ గదులు నిండటానికి చెప్పే మాట అని బావగారు తెలుగులో అని నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. మర్నాడు పొద్దున్నే, గురువారం, బయల్దేరాం.

పాత గని ఊరు

మొదటి రోజు దారి నిజంగా అందంగా ఉంది, అది దాచను. ఏటి పక్కనే నడక. అవతల కొండమీద పసుపు, ఎరుపు మట్టి చారలు, గనుల్లోంచి తవ్వి పోసిందట. సాయంత్రానికి పదకొండువేల అడుగుల దగ్గర ఒక పాడుబడ్డ ఊరు చేరాం. పది పన్నెండు చెక్క ఇళ్లు, ఒక్క మనిషి లేడు. ఒకింట్లో గోడకి కాగితం ఇంకా అంటుకునుంది, గులాబీ పువ్వుల డిజైను. ఎవరో ఇల్లాలు ఇంత చలిలో, ఇంత దూరంలో, గోడకి పువ్వులు అంటించుకుంది. రత్నక్క ఆ గోడని చేత్తో తడిమి చాలాసేపు నిలబడింది. ఎంత ఒంటరిగా ఉండేదో అంది.

తలుపు ఊడిన వాకిట్లో పందికొక్కంత జంతువు ఒకటి కూర్చునుంది. మార్మట్ అంటారు. మేం చూస్తుండగానే నా బ్యాగు పట్టీని నమలడం మొదలుపెట్టింది. మన చెమట ఉప్పు దానికి ఇష్టమట. తరిమితే పోదు, పక్కకి జరిగి మళ్లీ వస్తుంది. రత్నక్క పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. అదే మొదటి దగ్గు.

అక్కడే కుక్కర్ సంగతి తేలింది. ఏట్లో గిన్నెలు కడుగుతుంటే వెయిట్ నీళ్లలో కొట్టుకుపోయింది. మోకాళ్లదాకా దిగి వెతికాను, కాళ్లు తిమ్మిరెక్కాయిగానీ దొరకలేదు. వెయిట్ లేని కుక్కర్ ఉత్త గిన్నె. అంత ఎత్తులో నీళ్లు త్వరగానే మరుగుతాయిగానీ వేడి చాలదు, గంటన్నర మరిగించినా కందిపప్పు కందిపప్పులాగే ఉంది. పళ్లకింద రాళ్లు తిన్నట్టు తిన్నాం. బావగారు మొహం మాడ్చుకుని, పప్పు ఉడకబెట్టడం కూడా రాదా ఈ ఇంట్లో ఎవరికీ అన్నారు. నాకు వచ్చిన కోపానికి ఆ కుక్కర్ని ఏట్లోకి విసిరేద్దామనుకున్నాను. విసరలేదు. కడిగి బ్యాగులో పెట్టుకున్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన ఘనకార్యాలన్నీ ఇలాంటివే.

మొదటి కనుమ

శుక్రవారం ఎక్కిన కనుమ పన్నెండువేల ఆరువందల అడుగులు. చెట్లు కింద ఉండిపోయాయి, గడ్డీ రాళ్లే. ఇరవై అడుగులు వేసి ఆగడం, మళ్లీ ఇరవై. నాకూ తలనొప్పి, మా ఆయనకీ తలనొప్పి. మాకు ఆగితే ఊపిరి అందేది. రత్నక్కకి ఆగినా అందేది కాదు. ఒక రాయి మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకి ఆనించి, భుజాలు ఎగరేస్తూ పీల్చేది. నా వార్డులో అలా కూర్చునేవాళ్లని రోజూ చూస్తాను. అలా కూర్చున్నవాళ్ల కోసం మేం పరిగెత్తుతాం.

కనుమ మీద టెక్సాస్ జంట ఒకటి ఎదురైంది, రిటైరైన స్కూల్ టీచర్లు. వాళ్లు నాలుగు డాలర్ల ప్యాకెట్లో వేణ్నీళ్లు పోసుకుని ఏదో నూడుల్స్ తింటున్నారు. ఘుమఘుమలాడుతోంది. మాకు పెడతామన్నారు, బావగారు వద్దన్నారు. అటుకులు తిన్నాం. ఆ పెద్దావిడ రత్నక్కని చూసి, మీ స్నేహితురాలు బాగానే ఉందా అని నన్నడిగింది. ఆమె భర్త డాక్టరు అని చెప్పాను. ఆవిడ మొహం తేలికపడింది. ఆ మాట చెప్పినందుకు నా నోరు పడిపోవాల్సింది.

సాయంత్రం అవతలి లోయలో టెంట్లు వేశాం. పొయ్యి దగ్గరికి ఇంకొకర్ని రానివ్వని రత్నక్క, చర్చి భోజనాలప్పుడు గరిట ఎవరి చేతికీ ఇవ్వని రత్నక్క, బ్యాగుకి ఆనుకుని కూర్చుని, ఉప్మా నువ్వే చెయ్యవే అంది. చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్తున్నట్టు కూర్చుని, ఆవిడకి తెలియకుండా వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఆరు. కూర్చున్న మనిషికి పద్దెనిమిది దాటకూడదు. కొండమీద కొంచెం ఎక్కువే ఉంటుందనుకున్నా, ఇరవై ఆరు ఎక్కువ.

ఆవిడకి తెలిసిపోయింది. నర్సుల చేతులు కబుర్లు చెప్పేటప్పుడు అలా ఉండవు కదా. "మీ బావగారికి చెప్పకే. రెండేళ్లుగా ఈ ట్రిప్ ట్రిప్ అంటున్నారు. నావల్ల పాడైందనిపించుకోలేను" అంది.

దగ్గు ఎక్కువగా ఉంది బావగారూ, అని మాత్రం అన్నాను, పక్కన ప్లేట్లు సర్దుతూ, ఆయన మొహంలోకి చూడకుండా. ఇంట్లో మేం బావగారితో అలాగే మాట్లాడతాం. ఆయన లెన్సు తుడుచుకుంటూ, డ్రై ఎయిర్‌కి దగ్గు అందరికీ వస్తుంది, కాఫ్ సిరప్ ఇస్తాను అన్నారు. ఇచ్చారు కూడా. మందుల డబ్బాలో స్టెతస్కోపు ఉంది. దాన్ని పక్కకి జరిపి, కింద ఉన్న సిరప్ తీశారు. నేను చూశాను. భార్య వీపు మీద ఆ స్టెతస్కోపు ఒక్క నిమిషం పెట్టి ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

గొర్రెల మంద

శనివారం తెల్లారాక మళ్లీ లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది. మా ఆయనతో చెప్పాను, పక్కకి తీసుకెళ్లి. అన్నయ్య డాక్టరు కదా సువార్తా, ఆయనకి తెలీదా అన్నాడు. తెలీదు అని నేను అనాలి. అనలేదు. టెంట్లు మడిచి నడిచాం.

మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడి వడగళ్లు కురిశాయి, పెద్ద ఉసిరికాయలంత. తలదాచుకోడానికి ఒక చెట్టు లేదు. లోయ మలుపులో తెల్ల గుడారం, పక్కన కట్టేసిన ఒక మ్యూల్, అంటే కంచరగాడిద, చుట్టూ వేల గొర్రెలు కనిపించాయి. పరిగెత్తాం. రత్నక్క పరిగెత్తలేకపోయింది. నేనూ మా ఆయనా చెరో చెయ్యీ పట్టుకుని నడిపించాం. బావగారు ముందే గుడారం చేరి, కెమెరా తడవకుండా జాకెట్టు కప్పుతున్నారు.

ఆ కాపరి పేరు ఎలియాస్. పెరూ దేశస్థుడు. నలభై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు రాదు. నాకు వార్డులో నేర్చుకున్న స్పానిష్ కొంచెం వచ్చు, నొప్పి ఎక్కడ, ఊపిరి పీల్చు, తిన్నావా, ఇలాంటివి. ఆ కాస్తతోనే కబుర్లు నడిచాయి. గొర్రెలు అతనివి కావు, కింద ఊళ్లో ఉండే యజమానివి. మూడేళ్ల కాంట్రాక్టు మీద వచ్చాడు, చిన్న కూతుర్ని ఫొటోలో తప్ప చూడలేదు. మా వైపు కాపరులు మందని ఏ రైతు పొలంలో పడుకోబెడితే ఆ రైతు ధాన్యం కొలిచిస్తాడని చెప్తే ఆశ్చర్యపోయాడు. ఇక్కడ మందని గడ్డిలో ఎక్కువసేపు ఉంచితే ప్రభుత్వం వాళ్లు తిడతారట.

పొట్టేలు మాంసం, బంగాళాదుంపలు వేసి కాచిన పులుసు పోశాడు. నోట్లో పెట్టుకోగానే జీలకర్ర. ఆ కొండల్లో జీలకర్ర వాసనకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు గిన్నెలు తాగాను. రత్నక్క ఒక్క గుటక వేసి పక్కన పెట్టింది.

ఎలియాస్ ఆ గిన్నె చూశాడు. తర్వాత రత్నక్క చెయ్యి చూశాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి. నేనూ చూశాను, పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను. అతను నా వైపు తిరిగి, కిందికి అన్నాడు. చేత్తో చూపించాడు కూడా. వాళ్ల ఊరు ఇంతకంటే ఎత్తట. సముద్రం వైపునుంచి వచ్చే చుట్టాలకి ఇలా అవుతుందట. ఇలాంటి దగ్గు వినగానే ఇంకేమీ అడక్కుండా గాడిద ఎక్కించి కిందికి పంపేస్తారట. పంపని ఒకావిడ, వాళ్ల మేనత్త, రెండో రోజున పోయింది.

ఈ మాటలన్నీ తెలుగులో బావగారికి చెప్పాను. ఈసారి మొహంలోకి చూసే చెప్పాను. ఆయన నవ్వారు.

"గొర్రెలు కాసుకునేవాడు చెప్తే నేను వినాలా సువార్తా? బ్రాంకైటిస్ అది, యాంటిబయాటిక్ స్టార్ట్ చేస్తాను. నువ్వు సాయంత్రానికి పప్పు సంగతి చూడమ్మా."

నాలుగేళ్లు నర్సింగు చదివాను. ఇండియాలోనూ ఇక్కడా కలిపి ఎనిమిదేళ్లుగా గుండెలూ ఊపిరితిత్తులే చూస్తున్నాను. పప్పు సంగతి చూడమ్మా అన్నారు. రత్నక్క నా మోకాలు నొక్కింది, ఊరుకోమని. ఊరుకున్నాను. వడగళ్లు ఆగాక ఇంకో మైలు పైకి నడిచి టెంట్లు వేశాం, అంటే రెండోసారి పన్నెండువేల అడుగుల మీద. సాయంత్రం ముప్ఫై నాలుగు. పప్పు ఆ రోజు కూడా ఉడకలేదు.

ఆదివారం ఆరాధన

ఆదివారం పొద్దున రత్నక్క పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. రుమాలు చేతిలో మడిచి పట్టుకుంది. విప్పి చూశాను, గులాబీరంగు నురుగు.

బావగారు బైబిలు తీశారు. ఎక్కడున్నా ఆదివారం ఆరాధన మానకూడదు కదా. కొండలు చేసిన దేవుడికి స్తోత్రం అన్నారు. పువ్వులకి స్తోత్రం, ప్రయాణంలో కాపాడినందుకు స్తోత్రం. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. రత్నక్క వెనక కూర్చుని, స్వెట్టర్ మీంచే వీపుకి చెవి ఆనించాను. లోపల నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంది. రెండువైపులా, భుజం దాకా. నిమిషానికి నలభై. బావగారు ఇంకా హ్యూస్టన్‌లో చర్చి కొత్త బిల్డింగు కోసం ప్రార్థిస్తున్నారు.

దేవుడి మీద కాదు నాకు కోపం. దేవుడు చెవుల్ని ఊరికే ఇవ్వలేదు.

ఆమేన్ అన్నాక, ఇవాళ పెద్ద కనుమ, పదమూడువేలు, ఒక్క రోజు ఓపిక పడితే అవతల ఊరు, నెమ్మదిగా నడుద్దాం రత్నా అన్నారు. నేను లేచి నిలబడ్డాను. పెళ్లయి ఆరేళ్లలో ఆయన ఎదురుగా నిలబడి గొంతెత్తింది అదే మొదటిసారి.

"అక్క ఒక్క అడుగు పైకి వెయ్యదు. ఊపిరితిత్తుల్లో నీళ్లు పట్టాయి. మీరు డాక్టరైతే ఆ స్టెతస్కోపు తీసి వినండి, లేకపోతే తప్పుకోండి."

ఆయన వినలేదు, తప్పుకోనూ లేదు. అప్పుడు మా ఆయన, నా మొగుడు, అన్నయ్య వైపు చూడకుండా బూట్ల తాళ్లు బిగించుకుని, కాపరి దగ్గరికి వెళ్లి మ్యూల్ తెస్తా అని పరుగందుకున్నాడు. మూడు రోజుల్లో అతను చేసిన ఒకే ఒక్క పని. ఆ ఒక్కటీ చేశాడు కాబట్టి అతనితో ఇంకా మాట్లాడుతున్నాను.

దిగడం

ఎలియాస్ మ్యూల్‌తో తనే వచ్చాడు. గొర్రెల్ని కుక్కలకి వదిలేసి వచ్చాడు. యజమానికి తెలిస్తే పని పోతుందని దారిలో చెప్పాడు, అదీ నేను అడిగితేనే. దుప్పటి నాలుగు మడతలు వేసి రత్నక్కని కూర్చోబెట్టి, పడిపోకుండా తాడుతో నడుముకి కట్టాడు. నేను ఒకవైపు, మా ఆయన ఒకవైపు. బావగారు వెనక. ఎర్ర జాకెట్టాయన నాలుగు గంటలు ఒక్క ఫొటో తియ్యలేదు.

నేను కుక్కర్ తీసుకోలేదు. అక్కడే రాళ్ల మధ్య వదిలేశాను. కొండమీద చెత్త వదలకూడదని బోర్డులున్నాయి, నాకు తెలుసు.

ఏటి పక్కన నిట్టనిలువు దారి, జారుడు. రెండుచోట్ల మ్యూల్ కాలు జారింది, ఆ రెండుసార్లూ నా ప్రాణం పోయినంత పనైంది. చెట్లు మొదలయ్యాక రత్నక్క పెదాల రంగు కొంచెం మారింది. పదివేల అడుగుల దగ్గర మొదటిసారి నీళ్లడిగింది. జీపు రోడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చేపలు పట్టుకోడానికి వచ్చిన ఒక కుటుంబం, నలుగురు పిల్లలతో సహా జీపు దిగిపోయి, సీటంతా మాకిచ్చారు. పిల్లల తండ్రి డ్రైవ్ చేశాడు. తల్లీ పిల్లలూ రోడ్డు మీదే ఉండిపోయారు, ఆయన తిరిగొచ్చేదాకా.

ఎలియాస్‌కి దండం పెట్టాను. ఏమనాలో స్పానిష్ రాలేదు. అతను మ్యూల్‌ని తిప్పుకుని అప్పటికే పైకి నడుస్తున్నాడు. బావగారు జేబులోంచి ఇరవై డాలర్లు తీశారుగానీ ఇవ్వడానికి అందలేదు.

క్లినిక్

కింది ఊరి క్లినిక్‌లో ఒక ముసలి డాక్టరు, ఒక నర్సు. అడుగుపెట్టిన రెండో నిమిషంలో ఆక్సిజన్ పెట్టారు. ముసలాయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ఇంకో రాత్రి పైన ఉండుంటే మీరు ఈవిణ్ని తెచ్చేవారు కాదు అన్నాడు. అప్పుడు బావగారు ముందుకొచ్చారు. తనూ డాక్టర్నేనని పరిచయం చేసుకున్నారు. రెండ్రోజులుగా కొంచెం దగ్గు ఉందని, పొద్దున లక్షణాలు గమనించగానే కిందికి దించాలని నిర్ణయం తీసుకున్నామని చెప్పారు. ముసలాయన చెయ్యి కలిపి, మంచి నిర్ణయం డాక్టర్ అన్నాడు.

బురద బూట్లతో కర్టెన్ ఇవతల నిలబడి ఉన్నాను. నర్సు చార్టు పట్టుకుని వచ్చింది. నేనూ నర్సునే, రిపోర్టు ఇస్తాను రాసుకో అన్నాను. షిఫ్ట్ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి ఎలా అప్పజెప్తుందో అలాగే చెప్పాను, కథలేమీ కలపకుండా. నలభై ఒక్క ఏళ్లు, సముద్రమట్టం నుంచి వచ్చింది. గురువారం పొడిదగ్గు. శుక్రవారం సాయంత్రం రెస్పిరేషన్స్ ఇరవై ఆరు. శనివారం పొద్దున ఇరవై ఎనిమిది, గోళ్లు నీలం. మధ్యాహ్నం ఒక కాపరి కిందికి దించమన్నాడు, భర్త ఒప్పుకోలేదు. సాయంత్రం ముప్ఫై నాలుగు. ఆదివారం నలభై, పింక్ నురుగు, రెండువైపులా చప్పుడు. భర్త ఇంకా పైకి వెళ్దామన్నాడు.

నర్సు తలెత్తి నన్ను చూసింది, తర్వాత బావగారిని చూసింది. మళ్లీ తలొంచి, అన్నీ రాసింది. భర్త ఒప్పుకోలేదు అన్నది కూడా రాసింది. బావగారు బయటికి వెళ్లిపోయారు. ఇంట్లో విషయం బయటివాళ్ల ముందు పెట్టానని తర్వాత మా ఆయనతో అన్నారట. అననివ్వండి. మూడు రోజుల తర్వాత నాకు మొదటిసారి కడుపు చల్లబడింది. గెలిచాననిపించింది.

సోమవారం పొద్దున వెళ్లేసరికి రత్నక్క దిండ్లకి ఆనుకుని కూర్చునుంది. మాస్క్ తీసి ముక్కు దగ్గర చిన్న గొట్టం పెట్టారు. ట్రేలో టోస్టూ, గుడ్డూ సగం తినేసింది. దిబ్బరొట్టె తినాలనుంది అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పక్కన కూర్చుని టోస్టుకి వెన్న రాస్తుంటే, నిన్న కర్టెన్ వెనకనుంచి నీ రిపోర్టంతా విన్నానే అంది. మెచ్చుకుంటుందనుకున్నాను. అన్నీ రాయించేశానక్కా అన్నాను.

"శుక్రవారం సాయంత్రమే ఇరవై ఆరని తెలుసా నీకు?"

"తెలుసక్కా."

"మరి ఆదివారం దాకా ఎందుకూరుకున్నావే?"

వెన్న చాకు చేతిలోనే ఉండిపోయింది. బావగారు డాక్టరు కదా అని, అన్నాను. ఆవిడ ట్రే పక్కకి జరిపింది. నువ్వే చెప్పొద్దన్నావు కదక్కా, అన్నాను.

"నేను పేషెంటుని. మీ హాస్పిటల్లో పేషెంటు చెప్పొద్దంటే చెప్పకుండా ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"మరి?" అంది రత్నక్క.